రాత్రి ఎవరు విన్నారు?

(స్మారకోపన్యాస పాఠం)

 

దంతవైద్యంలో నాకు గురువైన డాక్టరుగారి గదిలో పళ్ళ కుర్చీ పక్కన ఒక టేకు పీట ఉండేది. అది రోగి వెంట వచ్చినవాళ్ళ కోసం. మిగతా చోట్ల వెంట వచ్చినవాళ్ళని బయట బెంచీ మీద కూర్చోమంటారు. ఈయన లోపలికి పిలిచి ఆ పీట మీద కూర్చోబెట్టేవారు. రోగి నోట్లో అద్దం పెట్టి చూస్తూనే, తల తిప్పకుండా, పీట మీద మనిషిని అడిగేవారు: "రాత్రి మీరేం విన్నారమ్మా?" 1994లో ఆయన దగ్గర చేరిన కొత్తలో నాకు ఈ ప్రశ్న అంతుపట్టలేదు. పంటినొప్పికీ రాత్రి వినడానికీ ఏం సంబంధం అనుకున్నాను. ఆయన పేరు మీద మాట్లాడమని మీరు నన్ను పిలిచినప్పుడు ఆ ప్రశ్న తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. అందుకే ఇవాళ నిద్రలో పళ్ళు కొరకడం గురించి మాట్లాడతాను.

నిద్రలో పళ్ళు కొరికే మనిషికి తాను కొరుకుతున్న సంగతి తెలియదు. ఆ చప్పుడుకి అతనికి మెలకువ రాదు. పక్కన పడుకున్న భార్యకు వస్తుంది, తల్లికి వస్తుంది, హాస్టల్లో పక్క మంచం కుర్రాడికి వస్తుంది. తిరగలిలో ఇసుక పోసి తిప్పినట్టుందని ఒకావిడ చెప్పింది. పాత తలుపు కిర్రుమన్నట్టుందని ఇంకొకరు. కొందరు చప్పుడే చేయరు, దవడలు బిగించి అలాగే ఉండిపోతారు. వాళ్ళ సంగతి పక్కవాళ్ళకీ తెలియదు. పొద్దున్నే కణతల్లో నొప్పి, నోరు తెరిస్తే దవడ పట్టేసినట్టుండటం, రాయి లాంటి దంతం ఒకనాడు అన్నం ముద్ద నములుతుంటే చీలిపోవడం, ఇవే వాళ్ళకు కబురు చెబుతాయి.

ఎంతమందికి ఉంటుందంటే, కెనడాలో వేలమందిని అడిగి 1994లో ప్రకటించిన లెక్క ఒకటుంది. పెద్దవాళ్ళలో నూటికి 8 మంది. వయసులో ఉన్నవాళ్ళలో 13 మంది దాకా, 60 దాటినవాళ్ళలో 3. వయసుతో పాటు తగ్గుతుందన్న మాట నిజమే. కానీ ఈ లెక్క మనుషులు చెప్పిన మాట మీద కట్టింది. ఒంటరిగా పడుకునే మనిషిని అడిగితే ఏం చెబుతాడు? పెద్ద వయసులో ఒంటరి పడకలు ఎక్కువ, కట్టుడు పళ్ళూ ఎక్కువ. అందుకని ఆ 3 అన్న అంకె చదివినప్పుడల్లా నాకు ఆ పీటే గుర్తొస్తుంది.

ఈ విషయంలో మన భాష మనకు కొంత అన్యాయం చేసింది. పళ్ళు పటపట కొరికాడంటే కోపం వచ్చిందని అర్థం. ఒకరి మీద పళ్ళు నూరుతున్నాడంటే కక్ష పెట్టుకున్నాడని. వీధి నాటకంలో కీచకుణ్ణి చూసిన భీముడు పళ్ళు కొరక్కపోతే జనం ఒప్పుకోరు. ఆ అర్థాన్నే పడకగదిలోకీ తీసుకుపోయాం. పెళ్ళయి ఆరు నెలలైన ఒక అమ్మాయి భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. అతనికి పై దవడ కోరపళ్ళు మొన పోయి బల్లపరుపుగా ఉన్నాయి. అతను బయటికి వెళ్ళి ఎక్స్‌రే తీయించుకునేలోగా ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "ఆయనకి నామీద ఏదో కోపం ఉంది డాక్టరుగారూ. పగలు పైకి అనరు. రాత్రి పళ్ళు కొరుకుతారు" అంది. ఆరు నెలలు ఆ పిల్ల చీకట్లో మేలుకుని, తన తప్పేమిటా అని వెతుక్కుంది.

డాక్టరుగారు చేతి గ్లవుసులు తీసేసి, ఆ అమ్మాయికి ఎదురుగా కూర్చుని చెప్పారు. "తల్లీ, నిద్రలో మనిషికి మెలకువ వచ్చీ రానట్టు ఒక్క క్షణం వచ్చి పోతుంటుంది. రాత్రంతా అందరికీ వస్తుంది. అతనికి ఆ క్షణంలో దవడ కదులుతుంది. నీ చేతికి అప్పుడు పక్క దుప్పటి తగిలితే లాక్కుంటావు చూడు, అంతే. అందులో కోపం లేదు." ఆ మాట విని ఆమె ఏడ్చింది. ఆ రోజు ఆ ఇద్దరికీ ఆయన చేసిన వైద్యంలో సగం ఆ మాటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆ మాట ఆయన ఊరడింపు కోసం అన్నది కాదు. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో జిల్ లవీన్ అనే దంతవైద్యుడూ, ఆయన సహచరులూ ఏళ్ళ తరబడి నిద్ర ప్రయోగశాలలో పరిశీలించిన సంగతి. తల మీద, గుండె మీద, దవడ కండరాల మీద తీగలు అతికించి, కెమెరా పెట్టి, మనుషుల్ని పడుకోబెట్టి చూశారు. పళ్ళు కొరకడం ఎక్కువగా గాఢనిద్రలో జరగదు, కలల నిద్రలోనూ తక్కువే. తేలిక నిద్రలోనే ఎక్కువ. అదీ ఉన్నట్టుండి రాదు. కొన్ని నిమిషాల ముందే శరీరంలో ఉద్రేకాన్ని నడిపే నరాల పని హెచ్చుతుంది. కొరకడానికి సుమారు నాలుగు సెకన్ల ముందు మెదడు తరంగాల వేగం పెరుగుతుంది. ఒక సెకను ముందు గుండె వేగం అందుకుంటుంది. తరవాత నోరు తెరిచే కండరాలు కదులుతాయి, ఆ వెంటనే చెంపలో ఉండే నమిలే కండరం, మాసెటర్, సెకనుకు ఒకసారి చొప్పున బిగుసుకుంటుంది. అప్పుడు పళ్ళు రాసుకుంటాయి. చాలాసార్లు చివర ఒక గుటక పడుతుంది. మళ్ళీ నిద్ర.

ఈ వరుసలో పళ్ళు ఆఖరున వస్తున్నాయి. ఇది ఎంత పెద్ద విషయమో దంతవైద్యులకు తెలుస్తుంది. మేం వందేళ్ళుగా పళ్ళ దగ్గరే మొదలుపెట్టాం. మెలకువ తెప్పిస్తే కొరుకుతారా అని కూడా ఆ బృందమే పరీక్షించింది. ఈ అలవాటున్నవాళ్ళు నిద్రపోతుండగా చప్పుడు చేసి, పడకను కాస్త అదిలించి చూశారు. పూర్తిగా లేవలేదు. కొద్దిపాటి మెలకువ వచ్చింది, వెంటనే దవడ కదిలింది. ఇంకో సంగతి నాకు మరీ నచ్చుతుంది. ఏ అలవాటూ లేని మామూలు మనుషుల్లో సగం కన్నా ఎక్కువమందిలో, సుమారు 60 శాతం మందిలో, నిద్రలో దవడ ఇదే లయలో కదులుతుంది, చప్పుడు లేకుండా. కొరికేవాళ్ళలో అదే కదలిక మూడు రెట్లు తరచుగా, మరింత బలంగా వస్తుంది. వాళ్ళు మనకు భిన్నమైనవాళ్ళు కారన్నమాట. గొంతు తడిపేందుకో, శ్వాస దారి తెరిచేందుకో శరీరం చేసుకునే పని కావచ్చని కొందరు పరిశోధకుల ఊహ. 2018లో వివిధ దేశాల నిపుణులు కలిసి ప్రకటించిన అభిప్రాయం కూడా ఇదే దారిలో ఉంది. వేరే ఆరోగ్య సమస్య లేని మనిషిలో దీన్ని రోగమని పిలవక్కర్లేదన్నారు. హాని చేస్తున్నప్పుడు హాని సంగతి చూడాలి.

హాని మాత్రం చిన్నది కాదు. పంటి మీది ఎనామిల్, మన పాఠ్యపుస్తకాల్లో పింగాణీ పొర, శరీరంలోకెల్లా గట్టి పదార్థం. కానీ దానిలో ప్రాణమున్న కణం లేదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం పూడుతుంది. అరిగిన ఎనామిల్ తిరిగి రాదు. జపాన్ పరిశోధకులు నిద్రలో కొరికే శక్తిని కొలిచి 2001లో ప్రకటించారు. మామూలుగా 20 కిలోల పైచిలుకు. ఒకచోట 81 కిలోలు నమోదైంది. మెలకువలో ఆ మనిషే ప్రాణం పెట్టి కొరికినా అంత రాలేదు. మన వైపు వడ్ల బస్తా 75 కిలోలు. ఒక బస్తా బరువు దవడ పళ్ళ మీద! మెలకువలో నొప్పి మనల్ని ఆపుతుంది. నిద్రలో ఆ ఆపే చెయ్యి లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. దాన్ని చెప్పకుండా ఆయన గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

మేం చదువుకున్న రోజుల్లో, పళ్ళు సరిగా కలవకపోవడం వల్లే మనిషి కొరుకుతాడని పాఠం. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సిగర్డ్ రామ్‌ఫ్యోర్డ్ 1961లో కండరాల విద్యుత్తును కొలిచి రాసిన వ్యాసం ఆ నమ్మకానికి పెద్ద అండ. ఎక్కడో ఒక ఎత్తు అడ్డొస్తోంది, దాన్ని రాకి తీసేస్తే కొరకడం ఆగుతుంది అని. 1996లో ఒక బడిపంతులుగారు వచ్చారు. డాక్టరుగారు ఊళ్ళో లేరు. నేను కార్బన్ కాగితం కొరికించి, గుర్తు పడ్డ చోటల్లా డ్రిల్లుతో రాకాను. మూడు వారాల్లో మూడుసార్లు. పని శుభ్రంగా చేశానన్న తృప్తి కూడా కలిగింది. పంతులుగారికి చల్లనీళ్ళు తాగితే జివ్వుమనడం మొదలైంది.

డాక్టరుగారు తిరిగొచ్చాక చూసి, పీట మీద పంతులుగారి భార్యను అడిగారు, రాత్రి ఏమైనా తగ్గిందా అని. "లేదండీ, అలాగే ఉంది" అందావిడ. సాయంత్రం నన్ను పిలిచి అన్నారు: "అతను నిద్రలో తీస్తున్నాడు, నువ్వు మెలకువగా తీశావు. రెండూ తిరిగి రావు నాయనా." ఆ తరవాత 1984లో వచ్చిన ఒక అధ్యయనం నా చేతిలో పెట్టారు. అమెరికాలో రఫ్ అనే పరిశోధకుడూ, సహచరులూ, కావాలనే ఎత్తుగా ఉండే క్యాపులు కొందరికి తొడిగి, రాత్రి కండరాల పనిని కొలిచారు. పాత పాఠం నిజమైతే కొరకడం పెరగాలి. ఎక్కువమందిలో తగ్గింది. ఆ వ్యాసం వచ్చి పన్నెండేళ్ళయ్యాక కూడా నేను పాత పాఠాన్నే ఒకరి పళ్ళ మీద రాశాను. ఇప్పటికీ కొరకడం ఆపుతామని పళ్ళు రాకేవాళ్ళున్నారు. మీలో ఎవరికైనా అలా చెబితే, దయచేసి ఒప్పుకోకండి. ఇంకొకరి అభిప్రాయం అడగండి.

పంతులుగారికి డాక్టరుగారు రెండు పనులు చేశారు. పై, కింది పళ్ళకు అచ్చు తీసి, రాతిపొడితో నమూనాలు పోసి, తేదీ రాసి బీరువాలో పెట్టారు. తరవాత పై దవడకు గట్టి ఆక్రిలిక్ గార్డు చేశారు. నైట్ గార్డ్ అని ఇప్పుడు అందరికీ తెలిసినదే. అది కొరకడాన్ని ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కొన్ని వారాలు తగ్గినట్టు కనిపించి మళ్ళీ మొదలవుతుంది. అది చేసే పని వేరే. పన్ను అరగాల్సిన చోట తాను అరుగుతుంది. ఎద్దు గిట్టకు నాడా కొట్టడం లాంటిది. నడక ఆగదు, గిట్ట మిగులుతుంది.

ఆన్‌లైన్‌లో దొరికే మెత్తటి గార్డుల గురించి చాలామంది అడుగుతున్నారు. వేడినీళ్ళలో ముంచి కొరికితే పంటికి సరిపోయేవి. కెంటకీ విశ్వవిద్యాలయంలో ఓకెసన్ 1987లో పదిమందికి రెండు రకాలూ పెట్టి చూశారు. గట్టి గార్డుతో ఎనిమిది మందిలో రాత్రి కండరాల పని తగ్గింది. మెత్తటిదానితో ఐదుగురిలో పెరిగింది. పదిమంది చిన్న లెక్కే. కానీ మెత్తటిది నోట్లో ఉంటే నమలాలనిపించడం నేను రోగుల్లో చూస్తూనే ఉన్నాను. అచ్చు తీసి చేయించుకున్నదే మేలు. దాన్ని వేడినీళ్ళతో కడగకూడదు, వంకర పోతుంది. చల్లనీళ్ళతో కడిగి, మెత్తటి బ్రష్షుతో తోమి, డబ్బాలో పెట్టాలి. పళ్ళు చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా వెంట తేవాలి. దాని మీద పడ్డ గీతలు మాకు కావాలి.

గార్డు పెట్టేముందు ఒక్క ప్రశ్న తప్పనిసరి, గురక ఉందా అని. పెద్ద గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి పీల్చుకునే మనిషికి స్లీప్ ఆప్నియా ఉండవచ్చు. అలాంటివాళ్ళలో కొరకడం కూడా తరచుగా కనిపిస్తుంది. ఊపిరి అందని ప్రతిసారీ మెదడు మేలుకోబోతుంది కదా. మాంట్రియల్ బృందమే పై దవడ గార్డును ఆప్నియా ఉన్నవాళ్ళకు పెట్టి చూస్తే కొందరిలో ఊపిరి ఆగడాలు పెరిగాయి. పళ్ళు కాపాడబోయి ప్రాణానికి ముప్పు తేకూడదు. మధ్యాహ్నం బండి నడుపుతూ కునుకు తీసేవాడు, మందులు వాడుతున్నా బీపీ దిగనివాడు, మెడ లావైనవాడు పళ్ళు అరిగిపోయి వస్తే, ముందు నిద్ర పరీక్షకు పంపాలి. ఈ సంగతీ పీట మీది మనిషే చెప్పాలి. గురక పెట్టేవాడు గురక వినడు.

మందుల సంగతి. మనోవ్యాకులతకు వాడే ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రాలిన్, పారాక్సెటిన్, వెన్లఫాక్సిన్ వంటివి కొందరిలో పళ్ళు కొరకడాన్ని మొదలుపెడతాయి, లేదా పెంచుతాయి. మందు వేసుకున్న కొద్ది వారాలకు మొదలైతే, ఇచ్చిన డాక్టరుకు చెప్పండి. మోతాదు మార్చడమో, మందు మార్చడమో ఆయన చేస్తారు. మీ అంతట మీరు మానకండి. ఆ మందు ఆపితే వచ్చే నష్టం పంటి నష్టం కన్నా పెద్దది. సిగరెట్టు, ఖైనీ, పడుకునేముందు మద్యం, పొద్దుపోయాక కాఫీ, వీటన్నిటికీ ఈ అలవాటుతో చుట్టరికం ఉంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే పిల్లలు అమెరికా వేళలకు మేలుకుని, అర్ధరాత్రి మూడో కాఫీ తాగి, తెల్లారుజామున తెగిపోయే నిద్ర పోతున్నారు. పాతికేళ్ళకే అరవై ఏళ్ళ పళ్ళతో నా దగ్గరికి వస్తున్నారు. ఆందోళనకూ దీనికీ సంబంధం లేదనను. ఉంది. కానీ "టెన్షన్ తగ్గించుకో" అని చెప్పి పంపేస్తే వైద్యం అయిపోయినట్టు కాదు.

చెంపలో వేసే బొటాక్స్ ఇంజెక్షన్ గురించి క్లుప్తంగా చెబుతాను. అది కండరం బలాన్ని తగ్గిస్తుంది, మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. ఎన్నిసార్లు కొరుకుతాడన్నది పెద్దగా మారదు. విపరీతమైన నొప్పి ఉన్న కొందరికి మాత్రమే, అదీ అనుభవమున్న చేతుల్లో.

పిల్లల దగ్గర మాత్రం నెమ్మదిగా చెప్పాలి. ఏ తల్లి వచ్చినా మొదటి మాట, "కడుపులో పురుగులున్నాయండీ, పళ్ళు కొరుకుతున్నాడు". అమ్మమ్మల నుంచి వచ్చిన నమ్మకం ఇది. అంతకు ముందు మాధవనిదానం వంటి గ్రంథాల్లో బాలగ్రహ లక్షణాల్లో బిడ్డ పళ్ళు కొరకడం కూడా చేర్చారు. చీకట్లో బిడ్డ నోట్లోంచి ఆ చప్పుడు విన్న తల్లి ఏ కాలంలోనైనా భయపడింది. నులిపురుగులు రాత్రిపూట దురద పెట్టి నిద్ర చెడగొడతాయి. ఆ దారిన కొందరు పిల్లల్లో సంబంధం ఉండవచ్చు. కానీ కొరికే పిల్లలందరికీ పురుగులుండవు, పురుగులున్న పిల్లలంతా కొరకరు. ఏటా ఫిబ్రవరి 10న బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పకుండా వేయించండి, రక్తహీనత రాకుండా. దాంతో పళ్ళు కొరకడం ఆగకపోతే బిడ్డకు ఏదో అయిపోయిందని బెంగపడకండి. పిల్లల్లో ఇది చాలా సామాన్యం, చాలామందిలో పెరిగేకొద్దీ దానంతటదే పోతుంది. పాలపళ్ళు ఎలాగూ రాలతాయి, ఎదిగే దవడకు మామూలుగా గార్డు పెట్టం. ఒకటి మాత్రం చూడండి. బిడ్డ నోరు తెరుచుకుని పడుకుంటాడా, గురక పెడతాడా? అలాగైతే టాన్సిల్సు, ముక్కు వెనక ఎడినాయిడ్లు చూపించాలి. అవి తీయించాక కొరకడం తగ్గిన పిల్లలు బాగానే ఉన్నారు.

ఇక పగటి పూట. లెక్కలు చూసేటప్పుడు, బండి నడిపేటప్పుడు, ఫోను చూసేటప్పుడు మనకు తెలియకుండానే పళ్ళు బిగిస్తాం. ఇది రాత్రి సంగతి కన్నా వేరైనది, కానీ అదే కండరాన్ని అలిసేలా చేస్తుంది. దీన్ని మనం ఆపుకోవచ్చు, ఎందుకంటే మేలుకుని ఉన్నాం. డాక్టరుగారు నేర్పిన ఉపాయం తెలుగు అక్షరంతో. "న" అనమనేవారు. ఇప్పుడు మీరూ మనసులో అనండి. నాలుక కొస పై పళ్ళ వెనక ఆగింది. పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య సందు ఉంది. పెదవులు మూయండి. దవడ ఉండాల్సిన చోటు అదే. పళ్ళు ఒకదాన్నొకటి తాకాల్సింది నమిలేటప్పుడూ గుటక వేసేటప్పుడూ మాత్రమే. కంప్యూటరు అంచుకు ఒక చిన్న చుక్క అంటించుకుని, అది కంటపడ్డప్పుడల్లా "న" అనుకునే రోగులు నాకున్నారు.

అరిగిన పన్నల్లా కొరకడం వల్లే అరగలేదు. ఇటుకపొడితో, బొగ్గుపొడితో తోమిన పళ్ళు మరో తీరుగా అరుగుతాయి. రాత్రిళ్ళు పులితేన్పులు వచ్చేవాళ్ళ పళ్ళు లోపలి వైపు కరుగుతాయి. ఆ పులుపుకు మెత్తబడ్డ ఎనామిల్ మీద కొరకడం తోడైతే రెండింతల వేగం. కొరికి అరిగినదానికి గుర్తు, పై పంటి మెరిసే చదును, కింది పంటి చదును డబ్బా మీద మూతలా ఒకదానికొకటి అమరడం. డాక్టరుగారు ఆ రాతి నమూనాలను చేతుల్లో పట్టుకుని, మెల్లగా పక్కకు జరుపుతూ, అమరిన చోట ఆపి, మాకు చూపించేవారు. ఆయన వేళ్ళు నాకింకా కళ్ళకు కట్టినట్టున్నాయి.

ఆయన పోయాక ఆయన సతీమణి ఆ బీరువా, ఆ పీట నాకు పంపారు. బీరువాలో పంతులుగారి నమూనాలు మూడున్నాయి. 1996, 2001, 2009. మొదటిదానిలో నేను రాకిన చోట్లు నాకు కనిపిస్తాయి.

పోయిన ఏడాది పంతులుగారు వచ్చారు. ఎనభై దగ్గర పడ్డారు. నాలుగో అచ్చు తీశాను. నాలుగింటినీ బల్ల మీద వరసగా పెట్టి, భూతద్దంతో చాలాసేపు చూశాను. గార్డు పెట్టినప్పటి నుంచి అరుగుదల దాదాపు అక్కడే ఉంది. గార్డులు మాత్రం ఈ ఇరవై ఏళ్ళ పైచిలుకులో నాలుగు మార్చాం.

అలవాటు కొద్దీ పీట వైపు తిరిగి అడగబోయాను. పీట ఖాళీగా ఉంది. తన భార్య పోయి రెండేళ్ళయిందని పంతులుగారు అప్పుడు చెప్పారు. నేను ఏమీ అనలేకపోయాను. పంతులుగారు సంచీలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, మూత తెరిచి, గార్డు కనిపించేలా ఆ పీట మీద పెట్టారు. దాని మీద కొత్త గీతలున్నాయి.